వంటింటి ప్లాస్టిక్ డబ్బా: వేడి పోయరాదు, మందు డబ్బా ఇల్లు చేరరాదు



ఈ వ్యాసము చదువుటకు ముందు ఒక్కసారి మీ వంటింటిలోనికి, అక్కడనుండి పశువుల కొట్టములోనికి వెళ్లి, ప్లాస్టిక్ పాత్రలు ఎన్ని ఉన్నవో లెక్కించండి. పప్పులు, చింతపండు పోసిన డబ్బాలు, నూనె క్యాను, జాడీ ఉండవలసిన చోట ఊరగాయ డబ్బా, పొలమునకు అన్నము తీసికొనిపోవు టిఫిను, నీరు పట్టిన రంగు డబ్బా, నూకలు పోసిన యూరియా సంచి. ఈ విధముగా చాల ఇండ్లలో ఇరువదికి తక్కువ కాకుండ లెక్క తేలును. మన తాతల కాలమున వీని స్థానములో కుండలు, జాడీలు, ఇత్తడి బిందెలు, గాదెలు ఉండెడివి. ప్లాస్టిక్ తేలికైనది, చవకైనది, క్రింద పడినను పగలదు, చిలుము పట్టదు. అందుచేతనే అది ఇంటింటను చేరినది.

దానిని మొత్తముగా పారవేయుమని చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశ్యము కాదు. ఏ డబ్బా దేనికి పనికివచ్చునో, దేనికి పనికిరాదో తెలిసికొని వాడుకొన్నచో చాలును. ఇందుకు ప్రతి డబ్బా విషయములోను రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఇందులో ఇంతకుముందు ఏమి ఉండెను? ఇప్పుడు ఇందులో పోయునది వేడిగా ఉన్నదా? మొదటి ప్రశ్న ప్రాణమునకు సంబంధించినది. రెండవది దీర్ఘకాలపు ఆరోగ్యమునకు సంబంధించినది. కనుక మొదటిదానితోనే ప్రారంభింతము.

గండామన్ బడిలో జరిగినది

2013వ సంవత్సరము జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రములోని సారణ్ జిల్లా గండామన్ గ్రామములో ప్రాథమిక పాఠశాల పిల్లలు మధ్యాహ్న భోజనమునకు కూర్చుండిరి. ఆనాటి వంట అన్నము, సోయా కూర. తిన్న కొద్దిసేపటికే పిల్లలకు కడుపునొప్పి, వాంతులు ప్రారంభమైనవి. 23 మంది పిల్లలు చనిపోయిరి. పరీక్షశాలలో వంటనూనెను పరీక్షింపగా అందులో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు తేలినది. అంతకుముందు పురుగుమందు ఉంచిన డబ్బాలో నూనె పోసి ఉంచుటవలన ఇది జరిగియుండునని అధికారులు భావించిరి.

ఈ మందు పేరు మన పత్తి రైతులకు కొత్తది కాదు. ఆ జాతి మందులు నరములపై పనిచేయును. పురుగును చంపు విధముగనే మనిషిని కూడ చంపగలవు. పిల్లల శరీరము చిన్నది గనుక చాల తక్కువ మోతాదుకే వారు లొంగిపోవుదురు. పెద్దవారికి తల తిరుగునంత మోతాదు పిల్లవానికి ప్రాణాంతకము కావచ్చును.

కడిగిన పోవునా?

ఖాళీ అయిన మందు డబ్బా చూచుటకు గట్టిగా, మూత బిగువుగా ఉండును. పారవేయుటకు మనసు ఒప్పదు. “నాలుగుసార్లు సబ్బుతో కడిగినాము, రెండు దినములు ఎండలో పెట్టినాము, వాసన కూడ లేదు గదా” అని చాలమంది అందురు. ఈ మాటలో ఉన్న పొరపాటును గ్రహించవలెను.

పురుగుమందులలో అనేకము నీటిలో కరగవు. అందుచేత వానిని కిరోసిన్ వంటి ద్రావకములలో కరగించి, నీటితో కలియుటకు మరొక పదార్థము చేర్చి అమ్ముదురు. నీటిలో పోయగానే పాలవలె తెల్లగా మారు మందులలో చాలవరకు ఈ తరగతివే. ఇట్టి మందు నెలల తరబడి డబ్బాలో నిలువయున్నప్పుడు కొంత భాగము ప్లాస్టిక్ గోడలోనికే ఇంకిపోవును. మీరు కడిగినప్పుడు పోవునది గోడపై అంటియున్నది మాత్రమే. గోడలో ఇంకినది అక్కడనే ఉండును. తరువాత ఆ డబ్బాలో నూనె, నెయ్యి, పాలు వంటి జిడ్డుగల పదార్థము పోసినచో, ఆ జిడ్డు ఇంకియున్న మందును నెమ్మదిగా బయటకు లాగుకొనును. మూత మరలలోను, బోలుగా ఉన్న పిడిలోను నిలిచిన మందు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వాసన లేకపోవుట మందు లేదనుటకు సాక్ష్యము కాదు.

కావున మందు డబ్బాను ఎంత కడిగినను అది మందు డబ్బాయే. అందులో నూనె కాదు, త్రాగునీరు కాదు, పశువుల కుడితి కూడ పోయరాదు. పొలమునకు చెంబుగా కూడ వాడరాదు.

ఖాళీ డబ్బాను ఏమి చేయవలెను?

మందు అయిపోయిన వెంటనే, పొలములోనే ఈ పని ముగించవలెను. డబ్బాను స్ప్రేయరు ట్యాంకులోనికి పూర్తిగా వంపవలెను. తరువాత డబ్బాలో నాల్గవ వంతు నీరు పోసి, మూత బిగించి, అర నిమిషము బాగుగా కుదిపి, ఆ నీటిని కూడ ట్యాంకులోనే పోయవలెను. ఈ విధముగా మూడుసార్లు చేయవలెను. దీనివలన మీరు డబ్బు పెట్టి కొన్న మందు చుక్క కూడ వృథా కాదు, కాలువ నీరు చెడదు. ఈ పనికి చేతి తొడుగులు తప్పనిసరి.

పిమ్మట డబ్బా అడుగున, ప్రక్కల మేకుతో పొడిచి, మరెవ్వరును వాడుకొనుటకు వీలు లేకుండ చేయవలెను. 1971వ సంవత్సరపు పురుగుమందుల నియమావళి కూడ ఖాళీ డబ్బాలు మరల వాడుకలోనికి రాకుండ పగులగొట్టి, నివాసములకు దూరముగా పాతిపెట్టవలెనని చెప్పుచున్నది. మీ ప్రాంతమున ఖాళీ డబ్బాలను సేకరించు ఏర్పాటు ఉన్నచో వారికి అప్పగించవలెను. వానిని పొయ్యిలో కాల్చరాదు. కాలువ గట్టున, బావి వద్ద వదలరాదు. పాత ఇనుప సామానువానికి అమ్మిన డబ్బా మరొకరి వంటింటికి చేరవచ్చునని మరువరాదు.

దీనికి ఎదురు పొరపాటు మరియొకటి కలదు. ప్రక్క చేనివారికి కొద్దిగా మందు కావలసివచ్చినప్పుడు, ఖాళీ కూల్‌డ్రింకు సీసాలోనో, నీళ్ల సీసాలోనో పోసి ఇచ్చుట. ఆ సీసా ఇంటి గూటిలో కూర్చుండును. బడినుండి దాహముతో వచ్చిన పిల్లవాడు దానిని చూచును. తరువాత జరుగునది ఊహించుకొనవచ్చును. మందు ఎప్పుడును దాని అసలు డబ్బాలోనే, దాని కాగితముతోనే, తాళము వేసిన చోట ఉండవలెను. డబ్బాపై ఉండు చతురస్రపు గుర్తులో ఎరుపు రంగు అత్యంత విషమును, పసుపు తీవ్ర విషమును, నీలము మధ్యరకపు విషమును, ఆకుపచ్చ స్వల్ప విషమును తెలుపును. అయితే ఆకుపచ్చ గుర్తు ఉన్న డబ్బా కూడ వంటింటికి పనికిరాదు.

ఎవరైన పొరపాటున మందు మ్రింగినచో వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. మందు డబ్బాను, దానిపై కాగితమును తప్పక వెంట తీసికొనిపోవలెను. దానినిబట్టియే వైద్యుడు విరుగుడు నిర్ణయించును. ఉప్పు నీరు త్రాగించి బలవంతముగా వాంతి చేయించరాదు. ద్రావకము ఊపిరితిత్తులలోనికి పోయి అపాయము రెట్టింపగును.

యూరియా సంచులు, రంగు డబ్బాలు

ఎరువుల సంచులను ఉతికి బియ్యము, నూకలు, మిరపకాయలు పోయుట పల్లెలలో వాడుకగా ఉన్నది. ఇంటి రంగులు వచ్చు పెద్ద డబ్బాలలో త్రాగునీరు పట్టుట కూడ అట్టిదే. ఈ సంచులు, డబ్బాలు ఆహారము కొరకు తయారైనవి కావు. వానిలో ఉండిన పదార్థము అల్లికలోను, గోడలోను మిగిలియుండును. సంచులను పొలము పనులకు, రంగు డబ్బాలను స్నానపు నీటికి కాక మొక్కలకు నీరు పోయుటకు వాడుకొనవచ్చును. ఆహారమునకు మాత్రము వలదు. రద్దు ప్లాస్టిక్‌ను కరగించి చేసిన ముదురు రంగు తొట్లు, బక్కెట్లు కూడ ఇట్టివే. అవి పూర్వము ఏ వస్తువులుగా ఉండెనో ఎవ్వరును చెప్పలేరు.

వేడి తగిలినప్పుడు ఏమి జరుగును?

ఇక రెండవ ప్రశ్న. డబ్బా కొత్తది, ఆహారము కొరకే చేసినది. అందులో వేడి పదార్థము పోయవచ్చునా?

ప్లాస్టిక్ అనునది మిక్కిలి పొడవైన అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసికొని ఏర్పడినది. ఈ గొలుసులకు తోడు, మెత్తదనమునకు, రంగునకు, ఎండకు చెడకుండుటకు మరికొన్ని పదార్థములు కలుపుదురు. ఇవి గొలుసులకు అతుకుకొని ఉండవు, నడుమ ఇరుకుకొని ఉండును. కావున వీలు దొరికినప్పుడు ఆహారములోనికి దిగును.

చల్లని నీటిలో వేసిన టీ పొడి ఎంతసేపటికి రంగు దించునో, మరుగు నీటిలో వేసినది ఎంతసేపటికి దించునో మీకు తెలియును. ప్లాస్టిక్ విషయము కూడ అట్లే. వేడి, నూనె, పులుపు, కాలము అను నాలుగును దానినుండి పదార్థములను బయటకు లాగును. వీనిలో వేడి అన్నిటికంటె బలమైనది. సాంబారులో ఈ నాలుగింటిలో మూడు ఒక్కచోట కూడియున్నవి. వేడి వేడి సాంబారును పలుచని కవరులో కట్టించుకొని మూడు మైళ్లు ప్రయాణము చేసినచో నాలుగవది కూడ తోడగును.

2020వ సంవత్సరములో డబ్లిన్ ట్రినిటీ కళాశాల పరిశోధకులు పిల్లల పాలసీసాలను పరీక్షించిరి. 25 డిగ్రీల సెంటీగ్రేడు నీరు పోసినప్పుడు లీటరుకు సుమారు 6 లక్షల ప్లాస్టిక్ సూక్ష్మకణములు, 95 డిగ్రీల నీరు పోసినప్పుడు 5 కోట్ల 50 లక్షల కణములు రాలినవి. అదే సంవత్సరము ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.వారు కాగితపు టీ గ్లాసులను పరీక్షించిరి. కాగితపు గ్లాసు లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉండును. 100 మిల్లీలీటర్ల వేడి పానీయమును 15 నిమిషములు ఉంచినచో సుమారు 25,000 సూక్ష్మకణములు అందులోనికి దిగినవి. ఈ కణములు శరీరములో ఎంత కీడు చేయునో శాస్త్రజ్ఞులు ఇంకను పరిశోధించుచున్నారు. కాని వేడిని తప్పించుటకు మనకు ఖర్చేమియు లేదు గనుక, ఆ పరిశోధనలు ముగియువరకు వేచియుండనక్కరలేదు.

బిస్‌ఫినాల్-ఎ అను పదార్థము విషయములో ప్రభుత్వములు ఇదివరకే కదిలినవి. ఇది గట్టిగా, గాజువలె ఉండు పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌లో ఉండును, శరీరములోని హార్మోనుల పనికి అడ్డుతగులును. ఐరోపా దేశములు 2011లో పిల్లల పాలసీసాలలో దీనిని నిషేధించినవి. మన భారత ప్రమాణాల సంస్థ కూడ 2015లో పాలసీసాలకు పాలికార్బొనేట్ వాడరాదని నిర్ణయించినది. చంటిపిల్లలకు పాలు కలుపవలసివచ్చినప్పుడు స్టీలు గిన్నెలో కలిపి, గోరువెచ్చగా చల్లారిన పిమ్మటనే సీసాలో పోయవలెను. ఉగ్గుగిన్నె, చెంచా ఇంకను మేలు.

డబ్బా అడుగున ఉన్న అంకె

డబ్బాను తిరగవేసి చూచినచో మూడు బాణముల త్రికోణములో ఒక అంకె కనిపించును. అది ఏ రకపు ప్లాస్టికో తెలుపును.

1. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు. 70–80 డిగ్రీల వద్దనే మెత్తబడును. వేడి నీరు పోయరాదు, ఎండలో ట్రాక్టరుపై ఉంచరాదు, మరల మరల వాడరాదు.
2. పాల క్యాన్లు, గట్టి డబ్బాలు. చల్లని పదార్థములకు మంచిది. పురుగుమందు డబ్బాలలో అనేకము కూడ ఈ రకమే. కనుక అంకె చూచి మోసపోరాదు.
3. నీటి పైపుల రకము. ఆహారమునకు వలదు.
4. పలుచని కవర్లు. సుమారు 110 డిగ్రీల వద్ద కరగును. వేడి పదార్థములు పోయరాదు.
5. పెరుగు డబ్బాలు, టిఫిను డబ్బాలు. ఉన్నవానిలో వేడికి ఎక్కువ ఓర్చునది ఇదియే. అయినను సుమారు 160 డిగ్రీల వద్ద కరగును.
6. థర్మోకోలు, పెళుసైన గ్లాసులు. వేడికి, నూనెకు పనికిరావు.
7. ఇతర రకములన్నియు. పాలికార్బొనేట్ ఇందులో చేరినది. వేడి పోయరాదు.

అంకెతోపాటు గ్లాసు, ఫోర్కు బొమ్మ ఉన్నచో అది ఆహారము కొరకు చేసినదని అర్థము. 2018వ సంవత్సరపు ఆహార ప్యాకింగు నిబంధనల ప్రకారము, ఆహారమునకు వాడు ప్లాస్టిక్‌నుండి కిలో ఆహారములోనికి 60 మిల్లీగ్రాములకు మించి పదార్థములు దిగరాదు. అంకె, బొమ్మ రెండును లేని డబ్బాను ఆహారమునకు కొనకుండుట మంచిది.

వంటింటిలో చేయదగినవి

మరుగుచున్న అన్నము, కూర, చారు, పాలు ప్లాస్టిక్‌లో పోయరాదు. స్టీలు గిన్నెలో చల్లారిన పిమ్మట పోసికొనవచ్చును. పోపు గరిటెలోని నూనె 160 డిగ్రీలు దాటియుండును. దానిని ప్లాస్టిక్ గిన్నెలోని పెరుగు పచ్చడిపై పోయుట గట్టి డబ్బాను కూడ కరగించుటయే. వేడి నూనెలోనుండి తీసిన గారెలు, పూరీలను ప్లాస్టిక్ పళ్లెములో వేయరాదు.

కొందరి ఇండ్లలో ఇప్పుడు మైక్రోవేవ్ పొయ్యి కూడ వచ్చినది. దానికి తగినదని డబ్బాపై వ్రాసియున్నచో ఆ డబ్బా అందులో కరగదని మాత్రమే అర్థము, దానినుండి ఏమియు దిగదని కాదు. నూనె, చక్కెర ఉన్న చోట వేడి 100 డిగ్రీలను దాటిపోవును. గాజు లేక పింగాణి పాత్రలోనికి మార్చి వేడిచేయవలెను.

ఊరగాయలో నూనె, ఉప్పు, పులుపు, కాలము నాలుగును ఉన్నవి. ఆవకాయ ఏడాది పొడుగున నిలువయుండును. దానికి మన పాత జాడీ, లేక గాజు సీసాయే తగినది. చింతపండు పులుసు, నిమ్మకాయ పచ్చడి కూడ ఇట్టివే.

ఇనుప పీచుతో తోమిన డబ్బా లోపల గీతలు పడి, ఆ గీతలలో జిడ్డు, సూక్ష్మక్రిములు చేరును. రంగు మారిన, గీతలుపడిన, పెళుసైన డబ్బాలను పప్పులకైనను వాడరాదు.

ధాన్యము, పప్పుల నిలువ

ఎండిన గింజలకు మూత బిగువైన, ఆహారయోగ్యమైన ప్లాస్టిక్ డబ్బా నిజముగా మంచిదే. తేమ లోనికి పోదు, ఎలుక కొరకుట కష్టము, గాలి చొరనిచో లోపలి పురుగు కూడ చచ్చును. అయితే ఒక్క షరతు కలదు. గింజ బాగుగా ఎండియుండవలెను. గోనె సంచి లోపలి తేమను బయటకు వదలును. ప్లాస్టిక్ వదలదు. వడ్లు 12 శాతము, వేరుశెనగ పప్పు 7–8 శాతము తేమకు మించి ఉండగా మూత బిగించినచో లోపల చెమర్చి బూజు పట్టును. వేరుశెనగకు పట్టు ఒక జాతి బూజువలన అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. అది కాలేయమును చెరచును, వండినను పూర్తిగా పోదు. కనుక గింజను పంటితో కొరికి చూడవలెను. టక్కున విరిగినచో పోయవచ్చును. నలిగినచో మరల ఎండలో పోయవలెను. ఎండనుండి తీసిన వెంటనే కాక, చల్లారిన పిమ్మట మాత్రమే డబ్బాలో పోయవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు, ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు తమ గ్రామములో ఒక పని తప్పక చేయదగును. బడి వంటశాలలోను, అంగన్‌వాడీలోను నూనె, పప్పు, నీరు ఏ డబ్బాలలో ఉన్నవో స్వయముగా చూడవలెను. ఎక్కడనుండి వచ్చినదో చెప్పలేని డబ్బాను ఆ దినమే తీసివేయించవలెను. నూనె వాసనలో, రంగులో తేడా ఉన్నదని వంటచేయు ఆమె చెప్పినచో ఆ మాటను తేలికగా తీసికొనరాదు. ఆ నూనెను ప్రక్కన పెట్టించి పరీక్షకు పంపవలెను. పిల్లలకు వడ్డించుటకు ముందు పెద్దలు రుచి చూచు పద్ధతిని విడువరాదు. పిచికారీ కాలములో ఖాళీ మందు డబ్బాలు వేయుటకు పొలముల ప్రక్కన ఒక చోటు ఏర్పరచినచో, వానిని ఇంటికి తెచ్చు అలవాటు తగ్గును.

గుర్తుంచుకొనవలసినవి

మందు డబ్బాను మూడుసార్లు కడిగి, పొడిచి, పొలములోనే విడువవలెను, ఇంటికి తేరాదు. మందును త్రాగు సీసాలో ఎన్నడును పోయరాదు. వేడి, నూనె, పులుపు గలవానికి స్టీలు, గాజు, జాడీ. చల్లనివానికి, ఎండినవానికి ప్లాస్టిక్. గింజ ఎండనిదే మూత బిగించరాదు.

ఈ వ్యాసము చదివి ముగించిన పిమ్మట మరల ఒక్కసారి వంటింటిలోనికి వెళ్లండి. ప్రతి డబ్బాను తిరగవేసి చూచి, “ఇది ఎక్కడనుండి వచ్చినది?” అని ఇంటి ఇల్లాలిని అడగండి. ఆమెకును, మీకును సమాధానము తెలియని డబ్బా ఏదైన ఉన్నచో దానికి మేకుతో రంధ్రము పొడవండి. ఒక డబ్బా పోయినందువలన ఇల్లు గడవకపోదు.